పొగ పోయేదాకా

బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా మునిలక్ష్మి ఊదుతూనే ఉంది. ఇంటి వెనక రేకుల చూరు కింద గొంతుక్కూర్చుని, మట్టి కుంపటిని రెండు ఇటుకల మీద నిలిపి, ఇనప గొట్టంతో బుగ్గలనిండా గాలి పట్టి ఊదుతోంది. ముందు నల్లటి పొగ వచ్చింది. తర్వాత బూడిదరంగు పొగ. ఆ తర్వాత కంటికి ఆనీ ఆనని పల్చటి పొగ ఒకటి సన్నగా లేచి, సన్నగానే పోయింది. అరచెయ్యి కుంపటి మీదికి చాపి చూసుకుంది. వేడి తగిలింది తప్ప కళ్ళు మండలేదు, గొంతు గరగరలాడలేదు.

పొగను రప్పించడంలోనూ పోగొట్టడంలోనూ ఆమెది అందెవేసిన చెయ్యి. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే, "పొగబెడతా" అనేది. వర్తూరు వీధిలో ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఎవరికి పొగబెట్టి ఎవర్ని ఇల్లు దాటిస్తావే తల్లీ అని ఆట పట్టించేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది. కానీ అది అబద్ధం కాదు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఇళ్ళకు పొగ పసిగట్టే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. అందులో ఒక గది నిండా రోజంతా రకరకాల పొగలు పెట్టడమే ఆమె ఉద్యోగం.

బయట సన్నగా తుంపర పడుతోంది. మూడు రోజులుగా బెంగళూరు మొత్తం తడి దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. లోపలి నుంచి అత్త మునివెంకటమ్మ గొంతు వినిపించింది.

"అయిందా అమ్మీ? వాడు ఇంకా వాకిట్లోనే నిలబడి ఉండాడు."

మునిలక్ష్మి గొట్టం పక్కన పెట్టింది. వాడంటే ఎవరో అడగక్కర్లేదు. పిల్లప్ప. మునివెంకటమ్మకు ఒక్కగానొక్క కొడుకు, మునిలక్ష్మికి మొగుడు. పోయి చాలా ఏళ్ళయింది.

నగర్తపేటలో పరుపులు కుట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో పని ఎక్కువైతే అక్కడే దూది బస్తాల పక్కన పడుకునేవాడు. అలా పడుకున్న ఒక రాత్రి దూదిలో ఎక్కడో నిప్పు రాజుకుంది. మంట లేవలేదు. దూది లోలోపల కుములుతూ గది నిండా పొగ నింపింది. తెల్లారి తలుపు తీసినవాళ్ళకు పిల్లప్ప పడుకున్నవాడు పడుకున్నట్టే కనిపించాడు. పిల్లలు లేరు. మిగిలింది అత్తాకోడళ్ళిద్దరే. ఆడదానికి ఆడదే దిక్కు అయింది.

ఆనాటి నుంచి మునిలక్ష్మిని ఆ దూది వాసన వదల్లేదు. బస్సులో కూర్చున్నా వచ్చేది, గుడి మెట్ల మీదా వచ్చేది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ముక్కు దగ్గర నిలబడేది. ఎక్కడా నిప్పుండదు. పక్కవాళ్ళను అడిగితే ఏ వాసనా లేదనేవాళ్ళు. నిద్రలో వస్తే దిగ్గున లేచి స్టవ్వు చూసి, ప్లగ్గులన్నీ తడిమి, అత్త ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసి మళ్ళీ పడుకునేది. పిల్లప్పను పొగ తీసుకుపోయింది. అత్తను మాత్రం పొగకు ఇవ్వకూడదు. ఆమె బతుకులో ఇంకే మొక్కూ, ఇంకే ఆశా లేదు.

అందుకే ఇంట్లో కుంపటి మాటే ఎత్తనిచ్చేది కాదు. శుక్రవారం సాంబ్రాణి వేసినా తలుపులు బార్లా తెరిచి, వేసిన కాసేపటికే నిప్పుల మీద నీళ్ళు చల్లేది. ముసలామె చలికి వేళ్ళు వంగక ముద్ద కలుపుకోలేకపోయినా మనసు రాయి చేసుకునేది. ఇవాళ ఆ రాయి కరిగింది.

తెల్లవారగానే మునివెంకటమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, వాకిలి వైపు చూస్తూ అంది. "వణకతా ఉండాడు అమ్మీ. లోపలికి రారా అంటే రాడు. కుంపటి పెట్టు, వస్తాడు."

"పొగలో పోయినోడు నిప్పు దగ్గరికి వస్తాడా అత్తా?"

"పొగంటేనే వానికి భయం. నిప్పంటే కాదు. పొగ లేకుండా పెట్టు."

ముసలామె పళ్ళు టకటకలాడుతున్నాయి. గోళ్ళు నీలం రంగుకు తిరిగాయి. పైకి చూస్తే కప్పుకు కంపెనీ వాళ్ళు బిగించిన తెల్ల పెట్టె ఉంది. పరీక్ష కోసం పనివాళ్ళ ఇళ్ళన్నిటికీ ఉచితంగా పెట్టారు. కాస్త పొగ తగిలితే చాలు, వీధి చివరిదాకా వినపడేలా కూస్తుంది. ఫోనులోకి కబురు కూడా పంపుతుంది. పెట్టె ఉండాది కదా, పొగొస్తే అదే అరుస్తుంది, అనుకుంది.

ఇప్పుడు పొగ పోయిన కుంపటిని గుడ్డలతో పట్టుకుని లోపలికి తెచ్చి అత్త ముందు పెట్టింది. ఇద్దరూ తలెత్తి పెట్టె వైపు చూశారు. అది కిమ్మనలేదు. చిన్న ఆకుపచ్చ దీపం నింపాదిగా మిణుకుమంది. మునివెంకటమ్మ రెండు చేతులూ నిప్పుల మీద కాచుకుంటూ చిన్నపిల్లలా నవ్వింది.

"చూస్తివా, నోరు మూసుకుని ఉండాది నీ కూతల పెట్టె."

తుంపర జల్లు లోపలికి కొడుతోందని మునిలక్ష్మి కిటికీ అద్దం తలుపులు దగ్గరికి లాగి గడియ వేసింది. అత్త ఫోను ఆమె ఒళ్ళో పెట్టి, అన్నం గిన్నె అందేలా ఉంచి, గొడుగు తీసుకుని బయటపడింది. వాకిట్లో ఎవరూ లేరు. అయినా పక్కకు జరిగి, ఎవరికో దారి ఇచ్చినట్టు నడిచింది. తర్వాత తనకే సిగ్గేసింది.

బస్సులో తన ఫోను తీసి చూసుకుంది. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ బళ్ళో నేర్చింది కన్నడ అక్షరాలే. పెట్టె పంపే కబుర్లు కూడా కన్నడంలోనే వచ్చేలా కంపెనీ పిల్లలు పెట్టిచ్చారు. ఆకుపచ్చ రంగులో రెండే మాటలు. ఎల్లా క్షేమ. అంతా క్షేమం. ఆ మాటలు చూసినప్పుడల్లా ఎవరో వీపు నిమిరినట్టుండేది.

పొగ గదికి మూడు వైపులా గోడలు, ఒకవైపు అద్దం. లోపల కప్పుకు పదికి పైగా పెట్టెలు తలకిందులుగా వేలాడుతుంటాయి. కింద గ్యాస్ పొయ్యి, మూకుడు, పెనం, సాంబ్రాణి ధూపం, ఒక బుట్టలో ఎండుమిరపకాయలు. అద్దం అవతల స్టెల్లా అనే ఇంజనీరు పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంటుంది. విజయవాడ అమ్మాయి. ఇంట్లో అమ్మ తర్వాత అంత మాట్లాడేది మీతోనే ఆంటీ అంటుంటుంది.

ఈ పని ఎందుకు వచ్చిందో స్టెల్లానే ఒకసారి విడమరిచి చెప్పింది. పెట్టె లోపల ఒక చీకటి అర ఉంటుందట. అందులో ఒక చిన్న దీపం, దాని వెలుగు నేరుగా తగలకుండా పక్కన ఒక కన్ను. పొగ దూరితే వెలుగు చెదిరి కంట్లో పడుతుంది, పెట్టె కూస్తుంది. బాగానే ఉంది గానీ, బయటిదేశాల వంటిళ్ళ కోసం పుట్టిన ఆ కన్నుకు మన తాలింపు తెలియదు. మిరపకాయ చిటపటలాడితే కొంప అంటుకుందని గగ్గోలు పెడుతుంది. జనం విసిగిపోయి పెట్టెకు ప్లాస్టిక్ సంచి తొడిగేస్తారు. సంచి తొడిగిన ఇంట్లో నిజంగా అంటుకున్నరోజు అది మూగదే. అందుకని ఏది వంట, ఏది పూజ, ఏది దిష్టి, ఏది చావు అని పెట్టెకు నేర్పాలి. మొదటి మూడూ నేర్పేది మునిలక్ష్మి. దూది, ఫోము, చెక్క కాల్చే పని పక్క గదిలో వేరేవాళ్ళది. దూది కాల్చేరోజు తలుపులు మూసి ఉన్నా ఆమె కిందికి దిగి టీ కొట్టు దగ్గర నిలబడేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇవాళ ముందుగా ఆవాల తాలింపు పెట్టింది. తర్వాత నెయ్యి ఎక్కువ పోసి దోసె మాడ్చింది. తర్వాత ఉప్పు, మిరపకాయలు నిప్పుల మీద వేసింది. కళ్ళు, ముక్కు ఏకమయ్యాయి. దగ్గుతూ పైకి చూస్తే పెట్టెలన్నీ బుద్ధిగా నోరు మూసుకున్నాయి.

"సూపర్ ఆంటీ!" అద్దం అవతల నుంచి స్టెల్లా బొటనవేలు చూపించింది. "ఒక్కటి కూడా ఫాల్స్ అలారం లేదు."

కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి నీళ్ళు తాగుతుండగా మునిలక్ష్మికి ఒక సంగతి తట్టింది. పొద్దుటి నుంచి ఆ దూది వాసన రాలేదు. కావాలని గాలి పీల్చి చూసింది. తడిసిన సిమెంటు వాసన, కారం ఘాటు, అంతే. ఇన్నేళ్ళలో ఇలాంటి పూట ఒక్కటీ లేదు. ఆయన ఇంటికి పోయి కుంపటి దగ్గర కూర్చున్నాడేమో, అందుకే ఇక్కడికి రాలేదేమో అనుకుంది. మనసు తేలికపడింది. ఆ తేలికే కాసేపటికి ఆమెను భయపెట్టింది. ఎప్పుడూ వెంట ఉండే మనిషి చెప్పకుండా ఎటో వెళ్ళినట్టనిపించింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు స్టెల్లా జేబులోంచి గోరంత రేకు ముక్క తీసి టేబుల్ మీద పెట్టింది.

"కొత్త మోడల్ పెట్టెలో పెట్టే సెన్సర్ ఆంటీ. నెక్స్ట్ వీక్ నుంచి టెస్టింగ్. దీనికి మాత్రం మీ తాలింపు పనికిరాదు."

"మళ్ళీ ఏమి కావాలప్పా దీనికి?"

"బొగ్గులు. కానీ స్మోక్ అసలు ఉండకూడదు. పొగ మొత్తం పోయేదాకా ఊది, ఎర్రగా చేసి ఇవ్వాలి. మీకైతే అది బాగా వచ్చు కదా."

మునిలక్ష్మి నవ్వింది. "పొద్దున్నే అదే పని చేసి వచ్చినా. పొగ లేకుంటే ఇంక పెట్టెకేమి పని? సుమ్ననే, ఊరికే కూచోవడమేనా?"

"అదే కదా పాయింట్. పొగ పోయాక కూడా బొగ్గుల్లోంచి ఒక గ్యాస్ వస్తుంది ఆంటీ. కనపడదు, వాసన రాదు, దగ్గు రాదు. చలికాలం కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పడుకుంటారు చూడండి, నిద్రలోనే పోతారు. నొప్పి కూడా తెలీదంట. ఇప్పటిదాకా మనం ఇచ్చిన పెట్టెలకి దాని సంగతే తెలీదు. వాటికి పొగ ఒక్కటే తెలుసు."

"ఇప్పటిదాకా ఇచ్చినవంటే?"

"మన అందరి ఇళ్ళల్లో ఉన్నాయి కదా, అవే."

మునిలక్ష్మి చేతిలో ముద్ద డబ్బాలోకి జారింది. స్టెల్లా ఇంకేదో చెబుతోంది. మునిలక్ష్మికి పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ మాట చెవిన పడటం లేదు. తను వేసిన కిటికీ గడియ కళ్ళముందు కదిలింది. ఎంగిలి చేత్తోనే ఫోను తీసి ఇంటికి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. అత్తకు ఫోను పట్టుకోవడం ఆలస్యమవుతుంది, వేళ్ళు వంగవు కదా అనుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

ఎదురింటి రామక్కకు చేసింది. "రామక్కా, బేగ పోయి మా అత్తను చూడు. ఫోను ఎత్తడం లేదు."

రామక్క లైనులోనే ఉండి వీధి దాటింది. చెప్పుల చప్పుడు వినిపించింది, తలుపు తట్టడం వినిపించింది, కాసేపు ఏమీ వినిపించలేదు. ఆ కాసేపట్లో మునిలక్ష్మి ఎన్ని దేవుళ్ళకు దణ్ణం పెట్టిందో ఆమెకే తెలియదు.

"లోపల గడియ పెట్టుకోని ఉండాది మునిలక్ష్మీ. కిటికీ అద్దంలోంచి చూసినా. గోడకానుకోని నిద్రపోతా ఉండాది. ఏమీ భయం లేదు. మొగం ఎంత బాగుండాదో! ఎర్రగా నిగనిగలాడతా ఉండాది, పడుచుపిల్ల మాదిరి. వెచ్చగా పడుకోనుంది, లేపొద్దులే అని ఊరుకున్నా."

మునిలక్ష్మి కుర్చీలో కూలబడి ఫోను చూసుకుంది. ఎల్లా క్షేమ. రామక్క అదే చెప్పింది, పెట్టె కూడా అదే చెప్పింది. స్టెల్లా వైపు తిరిగి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, "నిద్రపోతా ఉండాదంట అప్పా. మొగం ఎర్రగా కళకళలాడతా ఉండాదంట," అంది.

స్టెల్లా ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"ఎర్రగానా?" అంది మెల్లగా. తర్వాత గొంతు పెంచింది. "ఆంటీ, డోర్ పగలగొట్టమనండి. ఇప్పుడే. కిటికీ అయినా పగలగొట్టమనండి. ఎర్రగా ఉందంటే అది నిద్ర కాదు ఆంటీ!"

మునిలక్ష్మికి ఆ తర్వాత ఫోనులో తను ఏం అరిచిందో గుర్తులేదు. స్టెల్లా స్కూటీ వెనక కూర్చున్నట్టు గుర్తుంది. వర్తూరు కోడి కూడలి దగ్గర బండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఆగిపోయి ఉన్నాయి. హారన్ల మోత మధ్య స్టెల్లా, "జీసస్, జీసస్" అనుకుంటూ సందుల్లోంచి బండిని దూరుస్తోంది. మునిలక్ష్మి చేతిలో ఫోను ఉండుండి వెలుగుతోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది. ఎల్లా క్షేమ. కాసేపటికి మళ్ళీ, ఎల్లా క్షేమ. ఆ పెట్టె అబద్ధం చెప్పడం లేదు. దానికి తెలిసిన మేరకు ఇంట్లో పొగ లేదు. పొగ లేకుండా ఊదినది తనే.

చెరువు కట్ట పక్కన ఆమె గాలి పీల్చింది. దూది వాసన కోసం వెతుక్కుంది. ఇన్నేళ్ళు వద్దు వద్దన్న వాసనను ఇప్పుడు రమ్మని బతిమాలింది. అది రాలేదు.

వీధి మొదట్లోనే జనం కనిపించారు. తలుపు బద్దలై ఒకవైపు ఒరిగి ఉంది. మునివెంకటమ్మను బయట అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టారు. అంబులెన్సువాళ్ళు వచ్చి, చూసి, చేయగలిగింది లేదని చెప్పి పక్కన ఆగి ఉన్నారు. తుంపర నిలిచిపోయింది. అత్త బుగ్గల మీద ఆ ఎరుపు ఇంకా ఉంది. పెదాలు కూడా ఎర్రగా, ఏదో తీపి తిన్నట్టున్నాయి. మునిలక్ష్మి అలవాటుగా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. ఎవరూ ఆమెను తియ్యమనలేదు.

రామక్క నెత్తి కొట్టుకుంటూ ఏడ్చింది. "నేను చూసినప్పుడే పగలగొట్టుంటే! బాగుండాదనుకుంటిని గదమ్మా! పొద్దున నేను పోయినప్పుడు కూడా నవ్వతా మాట్లాడింది. బేగ తలుపెయ్యి రామక్కా, వాడు ఇప్పుడే లోపలికొచ్చి కూచున్నాడు, మళ్ళా లేచిపోతాడు అన్నది. నేను బయటికి రాంగానే గడియ పెట్టుకున్నది."

స్టెల్లా అరుగు చివర రెండు చేతుల్లో ముఖం దాచుకుని కూర్చుంది. ఆమెను చూస్తే మునిలక్ష్మికి జాలేసింది. నా చేత్తో నేనే పెట్టినా, నా చేత్తో నేనే కిటికీ వేసినా అని లోపల ఒక్కటే మాట తిరుగుతోంది. ఆ మాట ఇక బతికినంతకాలం తిరుగుతుందని కూడా ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ పోయినవాడొక్కడే వెంట ఉండేవాడు, ఇప్పుడు ఇద్దరయ్యారు.

ముసలామెకు కప్పడానికి మంచి చీర కావాలని ఎవరో అన్నారు. మునిలక్ష్మి లేచి లోపలికి వెళ్ళింది. గది ఖాళీగా, వెచ్చగా ఉంది. ఇంత వెచ్చగా ఆ గది ఎప్పుడూ లేదు. రామక్క ఆమె వెనకే గడప దగ్గరికి వచ్చి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది.

"పొద్దుపోలేదు, ఏమైనా పని ఇయ్యి రామక్కా అనింది. నానబెట్టిన అనపగింజలు ఇంత ఇచ్చి పోతిని. వేళ్ళు బాగా వంగుతా ఉండాయి ఇయ్యాళ, కోడలు వచ్చేలోగా పొట్టు ఊడేలా పితికి పెడతా, వచ్చి పులుసు చేసుకుంటాది అన్నది."

గోడ పక్కన, ముసలామె కూర్చున్నచోట, ఒక పాత పేపరు మీద అనపగింజల పొట్టు చిన్న కుప్పగా ఉంది. దాని పక్కన ఇత్తడి గిన్నె. పైన కప్పిన తడిగుడ్డను మునిలక్ష్మి ఒక మూల ఎత్తి చూసింది. గిన్నెకు సగం దాకా పితికిన పప్పు ఉంది, ఒక్కటీ చితకకుండా, లేత పచ్చగా, ఇంకా తడిగా.